మూత తెరిస్తే అర్థమయ్యే కారు

పాత స్పోర్ట్స్ కార్ల రీల్స్ మీకూ వస్తూనే ఉంటాయి. పైకప్పు లేని చిన్న ఎర్ర కారు, రెండే సీట్లు, గుండ్రటి దీపాలు. నిజం చెప్పాలంటే వాటిలో చాలావాటికి మన కాలేజీ పార్కింగ్‌లో ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్‌ని దాటే వేగం కూడా లేదు. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, వానొస్తే గుడ్డ టాపు బిగించేలోపు తడిసి ముద్దవ్వాల్సిందే. మరి ఏటి చూసి జనం ఏళ్ల తరబడి షెడ్లలో కూర్చుని వీటిని బాగుచేసుకుంటున్నారు?

ఒకే కారు పట్టుకుని చెప్తాను: ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. దీన్నే ఎందుకంటే, దీని దగ్గరి చుట్టం ఒకటి మన పక్కనే మద్రాసులో తయారైంది. స్టాండర్డ్ హెరాల్డ్. మీ తాతగారిని అడగండి, గుర్తుపడతారు. అప్పట్లో మన రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్, ఆ తర్వాత ఇదే.

కథ ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర మొదలవుతుంది. 1950ల్లో చాలా కంపెనీలు విడిగా చాసిస్ లేకుండా కారంతా ఒకే పెట్టెలా చెయ్యడం మొదలుపెట్టాయి. స్టాండర్డ్-ట్రయంఫ్‌కి మాత్రం ఒక చిక్కొచ్చింది. వీళ్లకి బాడీలు చేసిచ్చే సంస్థని పోటీ కంపెనీ కొనేసింది. అంత పెద్ద పని చేసిపెట్టేవాళ్లు దొరక్క, మళ్లీ పాత పద్ధతిలో కింద విడి చాసిస్ పెట్టి, పైన బాడీని ముక్కలుగా చేయించి బోల్టులతో బిగించారు. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి. అదే 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే అది మాడ్యులర్ డిజైన్. కాకపోతే ముందుచూపుతో చేసింది కాదు, గతిలేక చేసింది. లాభం మాత్రం తర్వాత తెలిసింది. ఆ చాసిస్‌నే కాస్త పొట్టి చేసి, అదే మికెలొట్టితో రెండు సీట్ల బాడీ గీయించి, 1962లో స్పిట్‌ఫైర్‌గా వదిలారు. 1980 దాకా సుమారు 3,14,000 కార్లు అమ్ముడయ్యాయి. మొదటిదాంట్లో 1147 సీసీ ఇంజిన్, 63 హార్స్‌పవర్, బరువు దాదాపు 700 కిలోలు. ఈరోజు ఆల్టో కె10 శక్తి కూడా ఇంచుమించు అంతే!

కానీ ఆల్టోలో 60లో వెళ్తే 60లో వెళ్తున్నట్టే ఉంటుంది. స్పిట్‌ఫైర్‌లో కూర్చునేది నేలకి జానెడెత్తులో ఉన్నట్టు. స్టీరింగ్‌కి మోటార్ సాయం లేదు కాబట్టి ముందు చక్రం కింద గులకరాయి పడినా వేళ్లకి తెలుస్తుంది. మధ్యలో ఏ సాఫ్ట్‌వేరూ లేదు. మీరు చేసిందే జరుగుతుంది, తప్పు చేస్తే అదీ జరుగుతుంది.

ఆ తప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వీటిని దేవుళ్లని చేసి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. వెనక చక్రాలు రెండూ ఒకే అడ్డ కమాను పట్టీల కట్ట మీద, మధ్యలో మడత పడే ఇరుసులతో ఉంటాయి. మలుపులో గట్టిగా పోతూ భయపడి యాక్సిలరేటర్ వదిలేశారా, వెనక భాగం పైకి లేచి బయటివైపు చక్రం లోపలికి ముడుచుకుంటుంది. పట్టు ఒక్కసారిగా పోతుంది. దీన్ని 1970లో వచ్చిన నాలుగో మోడల్‌లో గానీ సరిచెయ్యలేదు. మద్రాసు వాళ్లు అయితే 1972లో గాజెల్ అనే మోడల్‌కి ఆ ఇరుసే తీసేసి, మామూలు ఒంటి ఇరుసు వేసేశారు. మన రోడ్లకి అదే కరెక్ట్ అని నా ఉద్దేశం.

ఇక బాగుచెయ్యడం. మొదటి శత్రువు తుప్పు. కళింగపట్నం గాలికి గేటు ఊచలు ఎన్నాళ్లుంటాయో మన సిక్కోలోళ్లకి చెప్పక్కర్లేదు. స్పిట్‌ఫైర్‌లో తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు చూడ్డానికి అలంకారంలా ఉంటాయి గానీ, కారు నడుముకి బలం అవే. తుప్పు పట్టాయి కదా అని లోపల ఊత కట్టకుండా కోసేస్తే నడుం జారిపోతుంది, తర్వాత తలుపులు పడవు. కొంతమంది అంత కష్టం ఎందుకని పుట్టీ పూసి రంగేసి అమ్మేస్తారు. పట్టుకోవడానికి ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు. రేకుకి అంటుకుంటుంది, పుట్టీకి అంటుకోదు.

రెండోది నాకు బాగా నచ్చిన భాగం, జంట కార్బురేటర్లు. ఎస్‌యూ అనే రకం. ఇంజిన్ గాలి పీల్చుకునే కొద్దీ లోపల ఒక పిస్టన్ పైకి లేస్తుంది, దాని కిందున్న సన్నటి మొనదేలిన సూది కూడా లేస్తుంది, సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. అంతే. సెన్సర్ లేదు, కోడ్ లేదు, గాలే లెక్క చేస్తుంది. కానీ రెండూ సమానంగా పీల్చాలి. దానికి పాతవాళ్లు వాడేది ఒక రబ్బరు గొట్టం ముక్క. ఒక కొస చెవిలో, రెండోది కార్బురేటర్ మూతి దగ్గర. రెండిటి బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూ తిప్పుతూ ఉంటారు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే మన బొబ్బిలి వీణే గుర్తొచ్చింది. పనస దుంగలోంచి చెక్కడం ఒక ఎత్తు, 24 మెట్లనీ మైనంలో చెవితో వింటూ అమర్చడం ఇంకో ఎత్తు. ఆ మైనం కొన్నేళ్లకి పాడవుతుంది, మళ్లీ కట్టాలి. మళ్లీ కట్టే చెవి ఉన్న మనిషి లేకపోతే ఆ వీణ గోడకి వేలాడే చెక్కే.

కార్ల విషయంలో సరిగ్గా ఆ మనుషులే తగ్గిపోతున్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకులు కూడా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. కాలుష్యానికి అది మంచిదే, నేను కాదనను. కానీ మన ఊరి మెకానిక్ షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి ఇప్పుడు స్కానర్ తగిలించడం వస్తుంది, కార్బురేటర్ బుస వినడం నేర్పేవాళ్లు లేరు. కారు మిగిలి, దాన్ని వినగలిగేవాడు మిగలకపోతే అది షోకేసులో బొమ్మే.

చట్టం కూడా కొంచెం అలాగే చూస్తోంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన బళ్లని ‘వింటేజ్’గా రిజిస్టర్ చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబర్ ప్లేట్ మీద వీఏ అనే అక్షరాలు. షరతు ఏంటంటే చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. రోజూ తిప్పకూడదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, మరమ్మతులకి మాత్రమే. అంటే పాత బాడీలో జపాన్ ఇంజిన్ పెట్టేసుకుని తిరిగే షార్ట్‌కట్‌కి అక్కడ చోటు లేదు.

మీకు ఎప్పుడైనా ఎక్కడో షెడ్డులో దుమ్ము పట్టిన హెరాల్డ్ కనిపిస్తే, ఓనర్‌ని బతిమాలైనా బోనెట్ తెరిపించండి. స్పిట్‌ఫైర్‌దీ ఇదే పద్ధతి. బోనెట్టు ఒక్కటే కాదు, రెండు మడ్‌గార్డులూ దీపాలతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేస్తుంది. అప్పుడు ముందు టైరు మీద హాయిగా కూర్చోవచ్చు, ఇంజిన్ ఒళ్లో ఉన్నంత దగ్గరగా ఉంటుంది. ఏ పైపు ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో వేలు పెట్టి చూపించొచ్చు.