ఇంజన్ దించేముందు కాస్త పౌడర్ చల్లి చూడండి

పొద్దున్నే బండి తీశాక నేల మీద అరచేయంత నల్లమరక కనిపిస్తే మనోళ్లు రెండే పనులు చేస్తారు. అరలీటరు ఆయిల్ పోసి నడిపేస్తారు, లేదా షెడ్డుకెళ్లి "ఇంజన్ దించాలి" అనిపించుకుని వస్తారు. కైకలూరు, ఆకివీడు వైపు చేపల పెట్టెలు తోలే పాత వ్యాన్ల వాళ్లకి ఇంజన్ దించడమంటే రోజుల తరబడి కిరాయి పోవడం, ఆపైన అప్పు.

మా బాబాయి పాత డీజిల్ జీపుకీ తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డులో ఇదే మాట చెప్పారు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి చుక్క పడుతోంది కాబట్టి వెనక ఆయిల్ సీల్ పోయిందన్నారు. ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆయిల్ ఊరే చోటు వేరు, చుక్క పడే చోటు వేరు. పైనున్న ట్యాపెట్ కవర్ దగ్గర ఊరింది ఇంజన్ వెనక వైపు జారి, ఫ్యాను గాలికి ఇంకాస్త వెనక్కెళ్లి, సరిగ్గా అక్కడే రాలుతుంది.

అందుకని ముందు చల్లారిన ఇంజన్ని డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద స్టార్ట్ చేస్తే వేడి సైలెన్సర్‌కి అంటుకునే ప్రమాదముంది. ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లండి. ముగ్గుపిండి వద్దండోయ్, అందులో ఇసుకలాంటి గరుకుంటుంది. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, ఆపి, టార్చి వేసి చూడండి. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నదే అసలు దొంగ.

ట్యాపెట్ కవర్ బెండు ప్యాకింగ్ ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి అప్పడంలా అయిపోతుంది. బోల్టులు ఇంకా బిగిస్తే రేకు కవర్ వంగి మరింత కారుతుంది. ప్యాకింగే మార్చాలి. గమ్ము మాత్రం దట్టంగా పూయనివ్వకండి. లోపలికి పిండుకున్న ముక్క ఊడి, చాంబర్‌లో ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడితే ఇంజన్ పట్టేస్తుంది.

చాలామంది చూడనిది బ్రీదర్ పైపు. అది మసితో పూడిపోతే లోపలి గాలికి దారుండదు. ఆ ఒత్తిడికి కొత్త సీలైనా కక్కేస్తుంది. పైపు శుభ్రం చేశాక కూడా, బండి నిలిపి ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత దగ్గర పొగ బుసబుసా తన్నుకొస్తుంటే, రింగులు అరిగాయని అనుమానించాలి. అప్పుడు ఇంజన్ విప్పమంటే మేస్త్రీని తిట్టకండి. క్లచ్ జారుతూ గేర్‌బాక్స్ ముందరి డొప్ప కింద ఆయిల్ పడుతుంటే మాత్రం వెనక సీలే కావచ్చు.

ఇక ఆ తుడిచిన గుడ్డలు, తీసేసిన పాత ఆయిల్. వాటిని మురిక్కాలవలో పారబోయడం మనకి మామూలైపోయింది. ఏలూరు పక్కనుంచి పోయే తమ్మిలేరు కలిసేది కొల్లేట్లోనే. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి, అదీ మెల్లగా. నీటి మీద ఆయిల్ పొర కడితే గాలి దిగదు. చెరువుల్లో ఏరియేటర్లు తిప్పే రైతుకి ఇది వేరే చెప్పాలా? డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

బాబాయి జీపుకి చివరికి మార్చింది పై ప్యాకింగ్ ఒక్కటే, ఒక పూట పని. డ్రెయిన్ బోల్టు దగ్గర ఇంకా ఓ చుక్క పడుతోంది. అక్కడి రాగి వాషర్ ఈసారి ఆయిల్ మార్చినప్పుడు వేయిద్దామని ఆగాం. ఈలోగా వారానికోసారి గేజు పుల్ల తీసి చూస్తున్నాడు.