చిత్తుకాగితమా, చిన్నవాని సొత్తా?



అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కాపురముండు మా అక్కయ్యయొద్దనుండి క్రిందటి మాసమున నాకొక జాబు వచ్చినది. ఆమె కుమారునకు పదునొకండవ యేడు నడచుచున్నది. వాడు తన చేతిఖర్చు డబ్బులతో ఎన్నడో ఆడి మానిన ఆటగాండ్ర బొమ్మకార్డులు కొని పెట్టె నింపుచున్నాడట. అందు కొన్ని అరువది, డెబ్బది యేండ్లనాటివట. "అన్నియు అంచులు నలిగిన అట్టముక్కలే! ఇల్లు సర్దునపుడెల్ల చెత్తబుట్టలో వేయుదమని చేయి చాపుదును. పిల్లవాని మొగము తలపునకు వచ్చి వెనుకకు తీయుదును. బడిపంతులుగారి ఇల్లాలవు గదా, నీవేమందువు?" అని అక్కయ్య యడిగినది.

ఆ ప్రశ్న నా మనస్సును నొప్పించినది. అందులకు కారణము కలదు. మూడేండ్ల క్రిందట సంక్రాంతికి ఇల్లు దులుపుచు, అటకమీద నొక బిస్కత్తుల రేకుడబ్బాను చూచితిని. మూత తీయగా అగ్గిపెట్టెల పైబొమ్మలు కనబడినవి. కొన్నిటికి మట్టి యంటియున్నది. కొన్ని చెమ్మ తగిలి ముద్దలైనవి. వాటిని తీసికొనిపోయి భోగిమంటలో వేసితిని. డబ్బా బాగున్నదని కడిగి ఆవాలు పోసికొంటిని. సాయంకాలము మా పిల్లవాడు వంటింటిలో ఆ డబ్బాను గుర్తుపట్టి, మూత తీసి, ఆవాలను చూచి, మారుమాట పలుకక వెడలిపోయెను. వాడు బిగ్గరగా నేడ్చియున్న నాకంత బాధ కలుగకపోవును. ఆ బొమ్మలలో సగము మా మామగారు రైలు ప్రయాణములలో ఏరి తెచ్చి మనుమని కిచ్చినవని మావారు తరువాత చెప్పిరి. మామగారు కాలముచేసి అప్పటి కింకను ఏడాది నిండలేదు.

కావున అక్కయ్యకు తొందరపడి జవాబు వ్రాయ సాహసింపనైతిని. ఆ కార్డులెట్టివో, వాటి చరిత్రమేమో మావారును నేనును కూర్చుండి చదివి తెలిసికొంటిమి. ఆ సంగతులు పిల్లలు గల తల్లులందఱికిని పనికివచ్చునని తోచి యిచట వ్రాయుచున్నాను.

బేస్‌బాలు అమెరికావారికి మిగుల ప్రీతిపాత్రమైన ఆట. మన పిల్లలకు క్రికెట్టు ఎట్టిదో అక్కడి పిల్లలకది యట్టిది. ఒకడు బంతి విసరును. వేఱొకడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, నాలుగు గుర్తులను చుట్టి పరుగెత్తి వచ్చును. 1880 దశకమున అక్కడి సిగరెట్టు వర్తకులు, మెత్తని పొట్లములలో సిగరెట్లు నలిగిపోకుండుటకై యొక్కొక్క అట్టముక్క నుంచసాగిరి. ఆ అట్టమీద ఆటగాండ్ర బొమ్మలో, నటీమణుల బొమ్మలో, పక్షుల బొమ్మలో అచ్చువేసినచో కొనువారు వరుస పూర్తియగువఱకు తమ సరుకునే కొందురని వారికి తోచినది. ఇదియే యీ కార్డుల పుట్టుక. పొగ త్రాగువారు పెద్దలు. బొమ్మ లడిగి పుచ్చుకొనువారు పిల్లలు.

1909 మొదలు 1911 వఱకు అమెరికన్ టొబాకో కంపెనీవారు వెలువరించిన వరుసలో ఐదువందలకు పైగా బొమ్మలు కలవు. అందు హోనస్ వాగ్నర్ అను పిట్స్‌బర్గు ఆటగాని బొమ్మ మిక్కిలి అరుదు. ఆయన సమ్మతింపకపోవుటచే దాని ముద్రణము తొలుతనే నిలిచిపోయినది. తన బొమ్మకై పసివాండ్రు పొగాకు కొనుట ఆయనకు రుచింపలేదని కొందఱును, తగిన ప్రతిఫల మీయనందున వలదనెనని కొందఱును చెప్పుదురు. కారణమేదైనను, ఆ చిన్న అట్టముక్క యొకటి 2022లో 72,50,000 డాలర్లకు అమ్ముడుపోయినది.

పొగాకు తరువాత పిల్లలు నమలు గమ్ము వచ్చినది. 1933లో బోస్టను నగరపు గౌడీ గమ్ కంపెనీవారు 240 బొమ్మల వరుసను తలపెట్టిరి. కాని 106వ సంఖ్య గల బొమ్మను ఆ యేడు వేయనే లేదు. అది యెపుడు దొరకునా యని పిల్లలు పొట్లముపై పొట్లము విప్పుచుండిరి. కడకు మొఱపెట్టుచు ఉత్తరములు వ్రాసినవారికి, మఱుసటి యేడు నాప్ లాజ్వే అను ఆటగాని బొమ్మను అచ్చువేసి తపాలాలో పంపిరి. పిల్లల ఆశతో వర్తకము నడపుట ఈనాటి విద్య కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన యాడువారికి నచ్చు సంగతి యొకటి కలదు. 1951లో టాప్స్ అను గమ్ము కంపెనీలో పనిచేయు సై బెర్గర్ అనునతడు, ఉడీ గెల్మన్ అను చిత్రకారునితో కలిసి, బ్రూక్లిన్‌లోని తన యింట వంటగది బల్లమీద కాగితములు పఱచుకొని 1952వ సంవత్సరపు కార్డులకు రూపము కల్పించెను. ముందువైపున రంగుల బొమ్మ, వెనుకవైపున ఆటగాని పుట్టుపూర్వోత్తరములు, పరుగుల లెక్కలు. వంటగది బల్లమీద పుట్టిన యీ తీరు నేటికిని కార్డులకు ఒరవడిగా నున్నది.

ఆ 1952 వరుసలోని కడపటి బొమ్మలు ఆటల కాలము ముగియవచ్చిన తరువాత అంగళ్లకు చేరినవి. పిల్లల మనస్సు అప్పటికే వేఱు ఆటమీదికి పోయినది. సరుకు మిగిలి గిడ్డంగిలో పడియుండెను. 1960లో వాటిని మూడు చెత్తబండ్లకెత్తించి, పడవలో తీసికొనిపోయి అట్లాంటిక్ సముద్రములో పారబోయించితినని బెర్గరే తరువాత చెప్పుకొనెను. అట్లు మునిగిన బొమ్మలలో మికీ మాంటిల్ అను ఆటగానిది యొకటి. ఆ బొమ్మయే మచ్చలేనిది యొకటి 2022లో 1,26,00,000 డాలర్లు పలికినది.

"మా అమ్మ నా కార్డులను పారవేసినది, లేనిచో నేడు నేను లక్షాధికారిని" అను మాట అమెరికాలో వృద్ధులైన మగవారి నోట సామెతవలె నాడుచుండునట. ఇది చదివి నాకు సిగ్గును కలిగినది, నవ్వును వచ్చినది. చేసినవారే సముద్రములో ముంచిరి. ఆ పిల్లలే బట్టల క్లిప్పుతో కార్డును సైకిలు చక్రమునకు తగిలించి, టకటక మను చప్పుడు విని సంతోషించిరి. కాని నింద మాత్రము ఇల్లూడ్చిన తల్లిపై బడినది! మఱియొక విచిత్రము. తల్లులందఱును అన్నిటిని దాచియుంచినచో ఆ కార్డులకు నేడీ వెల యుండనే యుండదు. 1980 దశకము చివర, పాతవాటికి పలుకు ధరలు చూచి జనులు క్రొత్త కార్డులను పెట్టెలకు పెట్టెలు కొని దాచిరి. కంపెనీలవారును లెక్కకు మించి అచ్చువేసిరి. అందఱును దాచినందున నేడు వాటిలో నూటికి తొంబదింటిని అడుగువారు లేరు.

కనుక ధనమునకై దాచుట వట్టి జూదము. అయినను ఇష్టముచే దాచువారికి ఈ ముచ్చటకు పెద్ద ధనము అక్కఱలేదని తెలిసి నాకాశ్చర్యమైనది. కోట్లు పలుకునవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. 1950 దశకమున ఆడిన సామాన్యుల కార్డులు, మూలలు గుండ్రనై, నడుమ మడతపడినవి, కొలది డాలర్లకే దొరకును. నూఱేండ్లు దాటిన పొగాకు కార్డులు సైతము, పేరుపొందని వారివి, నలిగినవి, కొన్ని పదుల డాలర్లకు వచ్చును. కార్డు ఎంత చెక్కుచెదరకున్నదో చూచి ఒకటి మొదలు పది వఱకు మార్కులు వేయు సంస్థలు అక్కడ కలవు. పది మార్కుల దానికిని రెండు మార్కుల దానికిని వెలలో హస్తిమశకాంతరము. కాని బొమ్మ యొక్కటే. వెనుకనున్న చరిత్రయు నొక్కటే. పైగా మూలలరిగిన కార్డు ఒక బాలుని జేబులో తిరిగిన కార్డు గదా!

తక్కువ డబ్బుతో కూర్చువారు పాటించు మెలకువలు కొన్ని. మొదట హద్దు గీచికొనవలెను: ఒక్క జట్టో, ఒక్క సంవత్సరమో, ఏటికొక్క కార్డో. హద్దు లేనిచో సంచి ఖాళీయగును గాని పెట్టె నిండదు. పేరుమోసిన ఆటగాండ్ర జోలికి పోరాదు. పాతవాటికి నకళ్లు మెండుగా నున్నవి గనుక, అదే సంవత్సరపు చవుక కార్డు నొకదానిని నిజమైనదానిని ముందు కొని, కొలతయు మందమును అచ్చుచుక్కలును భూతద్దముతో పోల్చి చూడవలెను. అంచులు కత్తిరించి క్రొత్తదానివలె చేసినవానిని కొలత పట్టియిచ్చును. ఇంటికి తెచ్చిన తరువాత జిగురు అంటింపరాదు, రబ్బరుపట్టీ బిగింపరాదు, ఎండయు చెమ్మయు తగులనీయరాదు. పట్టుచీర విషయమున మనము పడు జాగ్రత్తయే యిదియును.

ఈ కూర్పరులలో నాకు పూజ్యుడుగా తోచినవాడు జెఫర్సన్ బర్డిక్. ఆయన 1900లో జన్మించెను. సిరాక్యూస్ నగరమున విద్యుత్పరికరముల కర్మాగారములో పనిచేసి పొట్టపోసికొన్న సామాన్యుడు. పెండ్లాడలేదు. కీళ్లవాతము ఆయన చేతులను నానాటికి వంకరచేసినది. ఆయన పారవేయబడిన బొమ్మ లెల్ల ప్రోగుచేసి, వాటికి వరుసలును గుర్తులును ఏర్పఱచి 1939లో పట్టిక నచ్చువేసెను. నేటికిని కూర్పరులు ఆ గుర్తులతోనే పాత కార్డులను పిలుతురు. మూడు లక్షలకు పైబడిన తన కూర్పును ఆయన అమ్ముకొనలేదు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ చిత్రవస్తుశాలకు దానమిచ్చెను. ఇచ్చి యూరకుండక, తానే యచటికి పోయి, నొప్పి పుట్టు వ్రేళ్లతో ఏండ్ల తరబడి వాటిని పుస్తకములలో అమర్చెను. 1963 జనవరిలో ఆ పని ముగిసినది. మార్చిలో ఆయన ప్రాణము విడిచెను. రాజుల చిత్రపటములున్న కప్పు క్రింద నేడు సిగరెట్టు పొట్లములలోని అట్టముక్కలు భద్రముగా నున్నవి.

ఇదంతయు వ్రాసి, చివర అక్కయ్య కొక్క మాట చేర్చితిని: "పారవేయవద్దనియు చెప్పను, దాచుమనియు చెప్పను. ముందు పిల్లవానిని కూర్చుండబెట్టుకొని, ఇవి యేల కొంటివని యడుగుము. నేను అడుగలేదు."

ఆమె జవాబు మొన్న వచ్చినది. వాడు కొనునవి ఏటికొక్క కార్డట. మొదటిది 1953వ సంవత్సరముది. అది మా నాన్నగారు పుట్టిన యేడు. చివరిది 2014, అది వాడు పుట్టిన యేడు. అన్నియు కలిసి అరువదిరెండు కావలెను, నలువదియొకటి దొరకినవి. వేసవిలో వచ్చినపుడు తాతగారికి చూపవలెనని వాని కోరిక. "ఇన్నాళ్లును ఒక్కసారియైన అడుగనైతిని గదా చెల్లీ" అని అక్కయ్య వ్రాసినది.

ఆ జాబు చదివిన దినముననే ఆవాలను సీసాలోనికి మార్చితిని. రేకుడబ్బాను కడిగి, ఎండబెట్టి, మా పిల్లవాని బల్లమీద పెట్టితిని. ఇంతకాలమును వానితో ఆ మాట యెత్తనేలేదు. ఆనాడు, తప్పు నాదే నాయనా యంటిని. వాడు డబ్బాను తీసి తన అలమరలో పెట్టుకొన్నాడు. నడుమ నొకసారి లోపల ఏమో కదలిన చప్పుడైనది. మూత తీసి చూడలేదు. వాడు చూపినపుడే చూచెదను.