ఎఫ్ఎంలో పాట ఎక్కడ ఆగి, ప్రకటన ఎక్కడ మొదలవుతుంది?

హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్ఎం 2006లో మొదలైంది. 91.1, 92.7, 93.5, 98.3 అంకెలు అప్పటి నుంచే నగరవాసుల నోళ్లలో నానాయి. మేడ్చల్ రోడ్డు మీద, శామీర్‌పేట దాకా వెళ్లే కార్లలో ఇప్పటికీ అవే మోగుతాయి. అయితే పాటలూ కబుర్లూ ఎందుకు పలచబడ్డాయో తెలియాలంటే స్టేషన్ నడిచే లెక్క చూడాలి.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో, క్రికెట్ ప్రసారాల కేసులో తేల్చింది. ఆ ఆస్తినే ప్రభుత్వం వేలం వేసి అద్దెకిస్తోంది. దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంల మొదటి విడతలో లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరుగుతూ పోయి స్టేషన్లను ముంచింది. 2005 విధానం ఒకేసారి కట్టే వేలం సొమ్ముకు తోడు ఆదాయంలో 4 శాతం వాటా అడిగింది. 2011 విధానం ఒకే నగరంలో ఒకే సంస్థ ఒకటికి మించి ఛానళ్లు నడపడానికీ దారి తెరిచింది. శ్రోత రూపాయి కట్టడు. రాబడి ప్రధానంగా ప్రకటనల నుంచే.

సొంత వార్తలు చెప్పడానికి ప్రైవేటు ఎఫ్ఎంకు అనుమతి లేదు. మూడో విడతలో, అంటే 2011 విధానంలో ఇచ్చిన వెసులుబాటు కూడా ఆకాశవాణి బులెటిన్లను మార్చకుండా వినిపించడం వరకే. ఇక మిగిలేవి సినిమా పాట, ఆర్‌జే కబుర్లు. ఎవరు ఏది వింటున్నారో లెక్కకట్టే ‘రామ్’ సర్వే 2007లో మొదలైనా అది ఢిల్లీ, ముంబై, బెంగళూరు, కోల్‌కతాలకే పరిమితమైంది. తిరుగులేని కొలత లేనిచోట ప్రయోగం ఎవరూ చేయరు. నిన్నటి హిట్టే ఈరోజూ, పొద్దున వేసిందే సాయంత్రమూ. ఆకాశవాణి అనౌన్సర్ పాటకు ముందు చిత్రం, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు చెప్పేవారు. ఎఫ్ఎంలో పాట ఎత్తుగడ మీదే ఆర్‌జే మాట పడుతుంది. రాసినవారి పేరు వినిపిస్తే అదృష్టమే.

అసలు చిక్కు నాణ్యతలో కంటే నిజాయితీలో ఉంది. జింగిల్‌తో వచ్చే స్పాట్‌ను శ్రోత ప్రకటనగానే గుర్తుపడతాడు. అదే సరుకును ఆర్‌జే కబుర్ల మధ్యలో తన అనుభవంలా పొగిడితే అది సలహాలా చెవికెక్కుతుంది. ఔటర్ రింగు రోడ్డు చుట్టూ వెంచర్లు వెలిసిన మేడ్చల్‌లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ లేకుండా ప్రచారం చేయకూడదు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. ‘ప్రీలాంచ్’ ఆఫర్లన్నీ ఈ గీటురాయి మీద చూడాల్సినవే.

షరతులను గుక్కతిప్పుకోకుండా చదివేయడం రేడియోకి పాత అలవాటు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గొప్పలు ఏ వేగంతో చెప్పారో షరతులూ అదే వేగంతో చెప్పాలి. షుగర్ పూర్తిగా పోతుందనే మందుల ప్రకటనలకైతే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టమే అడ్డుంది.

డబ్బు తీసుకుని గుట్టుగా పాట వేసే ‘పేయోలా’ మీద అమెరికా 1960లోనే చట్టం తెచ్చింది. మన కేంద్రం 2022 చివర్లో ఎఫ్ఎంలకు పంపిన సూచన మాత్రం మద్యం, మాదకద్రవ్యాలు, తుపాకులను కీర్తించే పాటల గురించి. అవసరమైనదే, కానీ కబుర్ల ముసుగులో సాగే అమ్మకాల జోలికి అది పోలేదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ప్లాట్ల విషయమైతే తెలంగాణ రెరా ఉంది. పత్రిక ప్రకటనలా రేడియో మాట చేతిలో మిగలదు కాబట్టి తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ అప్పుడే రాసిపెట్టుకోవాలి.