మూడొందల చిప్పు, నాలుగొందల యాభై పరుగు

1998 ఆగస్టు 24న ఇంటెల్ పెంటియం-2లో 450 మెగాహెర్ట్జ్ రకాన్ని 669 డాలర్లకు విడుదల చేసింది. అదే రోజు సెలెరాన్ 300ఏ అనే చిప్పును 149 డాలర్లకే బజారులోకి దింపింది. దీని వేగం 300 మెగాహెర్ట్జ్. పేదవాడి చిప్పు అనుకున్న ఈ రెండోది కాస్త చేయి పడితే మొదటిదాని వేగాన్ని అందుకుంటుందని ఔత్సాహికులు కనిపెట్టడానికి ఎంతో కాలం పట్టలేదు.

మదర్‌బోర్డు మీది క్లాకు 66 మెగాహెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 6.6 కోట్లకు పైగా దరువులు వేస్తుంది. సెలెరాన్ ఆ దరువును లోపల నాలుగున్నర రెట్లు చేసుకుంటుంది. అలా వచ్చిందే 300. నాలుగున్నరకు ఇంటెల్ తాళం వేసింది కానీ బయటి దరువుకు తాళం లేదు. దాన్ని 100 చేస్తే చాలు, 450 అవుతుంది. చిప్పు కూర్చున్న కార్డు అంచున పూత పూసిన కాంటాక్టుల వరస ఉంటుంది. వాటిలో బీ21 అనే ఒక్క గీత బోర్డుతో ‘నాకు 66 చాలు’ అని చెబుతుంది. అగ్గిపుల్లంత మందం కూడా లేని ఆ గీత మీద సన్నటి టేపు ముక్క అంటిస్తే దాని మాట బోర్డుకు వినపడదు. బోర్డు 100 ఇచ్చేస్తుంది.

ఇంత సత్తా దానికెక్కడిది? అంతకు కొన్ని నెలల ముందు వచ్చిన తొలి సెలెరాన్‌లో రెండో అంచె క్యాష్ మెమరీ లేదు. బాగా నెమ్మది అని అందరూ పెదవి విరిచారు. అందుకని 300ఏలో 128 కిలోబైట్ల క్యాష్‌ను చిప్పులోనే పొదిగారు. అది చిప్పుతో సమానంగా పరుగెత్తుతుంది. పెంటియం-2కు 512 కిలోబైట్లు ఉన్నా, అవి కార్డు మీద విడిగా కూర్చుని సగం వేగంతో నడిచేవి. పెంటియంను ఇంకాస్త తోలుదామంటే ముందు అవే ఆయాసపడేవి. సెలెరాన్‌కు ఆ బరువు లేదు. పైగా రెండూ 0.25 మైక్రాన్ల పద్ధతిలో తయారైనవే. చిప్పు మీద అచ్చు వేసిన అంకె కంపెనీ ఇచ్చే హామీ: గాలాడని గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్ కింద, ఏళ్ల తరబడి వాడినా ఈ వేగం తప్పదని. ఆ హామీకీ అసలు సత్తాకీ మధ్య ఉన్న జాగాలోనే ఓవర్‌క్లాకింగ్ అంతా జరుగుతుంది.

నాకు ఈ కథలో బాగా నచ్చే ముడి ఒకటుంది. 100కు వెళ్లడం కంటే మధ్యలో 83 దగ్గర ఆగడమే ప్రమాదం! హార్డ్‌డిస్కు, సౌండ్‌కార్డు ఉండే పీసీఐ దారికి 33 మెగాహెర్ట్జ్ కావాలి. బోర్డు 66ను రెండుతో, 100ను మూడుతో భాగించి ఆ 33 ఇస్తుంది. 83 పెడితే రెండుతోనే భాగించి 41 దాటిస్తుంది. చిప్పు నిక్షేపంగా ఉంటుంది, డిస్కు మీది ఫైళ్లు మాత్రం చెడిపోవచ్చు. ప్రాసెసర్ ఒక్కటే పరుగెత్తదు, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని పరుగెత్తుతుంది.

ఇక వేడి. అది వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. మామూలుగా ఇచ్చే 2 వోల్టులతోనే 450కి వెళ్తే వేడి ఒకటిన్నర రెట్లు. 2.2 వోల్టులిస్తే 1.8 రెట్లు. కాగిన చిప్పులో ఎలక్ట్రాన్ల ఒరవడికి, వాగు గట్టును కోసుకుపోయినట్టు, అల్యూమినియం తీగల్లోని పరమాణువులే మెల్లగా కదిలిపోతాయి. వోల్టేజీ జోలికి ఆఖరున వెళ్లమనేది అందుకే.

నా దగ్గర అలాంటి సెలెరాన్ ఒకటి ఇంకా నడుస్తోంది. కిందటి వేసవిలో దాన్ని 450కి ఎక్కించాలనిపించింది. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాను. బోర్డు మీది కెపాసిటర్ల నెత్తులు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాను. ఒక్కటైనా పూరీలా ఉబ్బి ఉంటే పని అక్కడితో ఆపేసేవాణ్ణి. హీట్‌సింక్ కింద ఎండి పెచ్చులైన పేస్టును గీకి తుడిచి, పెసరగింజంత కొత్తది పెట్టాను. బయోస్‌లో పాత అంకెలు కాగితం మీద రాసుకున్నాకే 100 నొక్కాను.

పరీక్షకు ప్రైమ్95 వాడాను. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి మొదలుపెట్టిన పథకానికి సంబంధించిన ప్రోగ్రామ్ ఇది. జవాబు ముందే తెలిసిన లెక్కలను చిప్పుతో గంటల తరబడి చేయిస్తుంది. ఒక్క అంకె తేడా వచ్చినా పట్టేస్తుంది. రాత్రంతా హాయిగా నడిచింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, గది కాగిపోయాక, ఒక్క లెక్క తప్పింది. తెర ఆగలేదు, ఫ్యాన్ శబ్దం మారలేదు. ఆ పరీక్ష లేకపోతే అంతా బాగుందనే అనుకునేవాణ్ణి. తెలియకుండా తప్పే ఆ ఒక్క లెక్కంటేనే నాకు భయం. చిప్పు కాలిపోతే కనీసం తెలుస్తుంది.

వోల్టేజీ పెంచలేదు. కేబినెట్ పక్క నుంచి చిప్పు మీదికి గాలి తగిలేలా ఇంకో ఫ్యాన్ బిగించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రెండు మధ్యాహ్నాలు దాటినా ఒక్క తప్పూ రాలేదు. పెన్సిలుతో ఒక చీటీ రాసి కేబినెట్ లోపలి రేకుకు అతికించాను: ‘100, నాలుగున్నర రెట్లు, 2 వోల్టులు. పక్క ఫ్యాన్ తీయొద్దు.’