పల్లీలు వేయిస్తే బూజు విషం పోదా?

పల్లీలు నములుతుంటే ఎప్పుడో ఒక గింజ చేదుగా తగులుతుంది. వేయించినవే కదా అని మింగేసేవాళ్లే ఎక్కువ.

వేయిస్తే బూజు చస్తుంది. అది అప్పటికే గింజలో వదిలిన విషం కొంత తగ్గినా, పూర్తిగా పోదు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే ఈ విషాల పేరు అఫ్లాటాక్సిన్లు. అన్నిట్లోకీ ఘాటైనది బి1. ఉడకబెట్టినా దానికి లెక్కలేదు. పూర్తిగా పోయేంత వేడి పెడితే మూకుట్లో పల్లీలు మాడి బొగ్గవుతాయి.

సంగతి బయటపడింది 1960లో, ఇంగ్లండులో. టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోతే, కారణం దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో దొరికింది.

మనిషిలో దెబ్బ తినేది కాలేయం. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి పోతే క్యాన్సర్ రావచ్చు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎన్నో రెట్లు. ఒక్కసారిగా ఎక్కువ పోతే ప్రాణానికే మోసం. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని, కామెర్లు ముదిరి వందమందికి పైగా చనిపోయారు. దాని మీద పరిశోధించింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ.

మరి ఈ బూజు గోదాములోనే పడుతుందా? అక్కడికంటే ముందే, చేలోనే మొదలవుతుంది. అనంతపురం లాంటి మెట్ట సీమలో కాయ ఊరే రోజుల్లో వాన మొహం చాటేసి నేల కాగిందంటే, మట్టిలో ఉన్న బూజు అక్కడే కాయలోకి దిగుతుంది. పగిలిన కాయ, పురుగు తొలిచిన కాయ దానికి తలుపు తీసిపెట్టినట్టే. పీకిన కాయ సరిగా ఎండకుండా బస్తాకెక్కితే మిగతాది అక్కడ పూర్తవుతుంది. గింజలో తేమ 8 శాతం లోపుకు దిగేదాకా ఎండాల్సిందే.

నూనె సంగతేమిటి? విషం ఎక్కువగా చెక్కలో ఉండిపోతుంది. నూనెలోకి దిగిన కాస్తా రిఫైన్ చేసేటప్పుడు పోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. గానుగ నూనె మంచిదని మురిసిపోయేవాళ్లు ముందు గింజ సంగతి చూసుకోవాలి.

ఇందులో ఒక మేలు కూడా ఉంది. విషం బస్తా అంతటా సమానంగా పరుచుకోదు; కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుంది. అందుకే అమ్మమ్మలు చాటలో పోసి ఏరే పని ఇంట్లో చేయగలిగిన వాటిలో మేలైనది. ముడతలు పడ్డవి, రంగు మారినవి, బూజు కనిపించేవి తీసేయండి. చేదు తగిలితే ఉమ్మేసి నోరు పుక్కిలించండి. అయితే ఈ విషానికి రుచి లేదు. చేదు గింజ చెడిందనడానికి గుర్తు మాత్రమే. కమ్మగా ఉందని ముడతల గింజను తినేయకూడదు. ఏరినవాటిని గేదె తొట్లో మాత్రం వేయకండి, విషం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది.