వాన వెతికేది సూది రంధ్రాన్నే

రైన్‌కోటు కొనేటప్పుడు మనం గుడ్డను చూస్తాం. వేళ్ళతో నలిపి, దళసరిగా ఉంటే గట్టిదనుకుంటాం. వాన మాత్రం కుట్టును వెతుక్కుంటుంది. 1823లో చార్లెస్ మాకింటాష్ అనే స్కాట్లాండ్ రసాయనవేత్త, నాఫ్తాలో కరిగించిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పూసి, నీరు దిగని బట్టకు పేటెంటు పొందాడు. బట్టలో నీళ్ళు దిగలేదు కానీ దర్జీలు దాన్ని కోటుగా కుట్టాక సూది పొడిచిన చోట్ల కారింది. మూడు మిల్లీమీటర్లకో కుట్టు పడితే మీటరుకు మూడు వందలకు పైగా రంధ్రాలు. కోటు మొత్తానికి వేలల్లో ఉంటాయి. కుట్లు ఎక్కడ పడాలో, ఎన్ని తగ్గించవచ్చో తేల్చాలంటే, తొడుక్కునే మనిషి వానకు ఎలా ఎదురవుతాడో తెలియాలి. అది ఫ్యాక్టరీకి తెలియదు, ఇంట్లోవాళ్ళకు తెలుసు. అందుకే మనకు కావలసిన ఒక్కరి కోసం కుట్టిన కోటు అంగడి కోటును మించగలదని నా నమ్మకం.

స్కూటరు మీద ఆఫీసుకు వెళ్ళే మనిషినే తీసుకోండి. అంగడి కోటు నిలబడ్డ మనిషి కొలతలకు కత్తిరించినది. హ్యాండిల్ పట్టుకుని చేతులు చాచగానే ముంజేయి బయటపడుతుంది, వీపు పైకి లాగుతుంది, వాన నేరుగా ఎదురురొమ్ము మీది జిప్‌కు తగులుతుంది. ఆ మనిషిని బండి మీద కూర్చోబెట్టి కొలిస్తే చేయి ఎంత పొడుగుండాలో, వెనక భాగం ఎంత దిగాలో తెలుస్తుంది. జిప్ మీద వెడల్పాటి పట్టీ వేయొచ్చు. భుజం కుట్టును సరిగ్గా భుజం మీద కాకుండా నాలుగు వేళ్ళు వెనక్కి జరపొచ్చు.

గుడ్డ విషయానికొస్తే, సిలికాన్ పూత పట్టించిన పలుచని నైలాన్ మంచిది. ఇరవై డెనియర్ పోగంటే తొమ్మిది వేల మీటర్లు తూచినా ఇరవై గ్రాములే. చదరపు మీటరు నలభై గ్రాములుండే గుడ్డ రెండున్నర చదరపు మీటర్లు పట్టినా, బరువు వంద గ్రాములు. మడిస్తే హ్యాండ్‌బ్యాగులో ఇముడుతుంది. కానీ ఈ గుడ్డ జారుతుంది, తప్పును క్షమించదు. గుండుసూది గుచ్చితే రంధ్రం అలాగే ఉండిపోతుంది కాబట్టి క్లిప్పులు పెట్టాలి. సన్న సూది, పాలిస్టర్ దారం వాడాలి. నూలు దారం తడిని పీల్చి లోపలికి చేరవేస్తుంది. జీన్సు ప్యాంటుకు ఉండేలాంటి మడతకుట్టు వేసి, మడత నోరు కిందికి చూసేలా పెంకులు పరిచినట్టు అమర్చాలి.

ఫ్యాక్టరీలో వేడిగాలి యంత్రంతో కుట్ల మీద టేపు అంటిస్తారు కదా, ఇంట్లో అదెలా అని అడుగుతారు. సిలికాన్ పూత మీద మామూలు టేపు నిలవదు. దానికి అంటేది సిలికానే. దాన్ని మినరల్ టర్పెంటైన్‌లో పలుచగా కలిపి, కిటికీలు తెరిచిపెట్టి, చిన్న బ్రష్‌తో ప్రతి కుట్టు మీదా రుద్దాలి. ఇది ఓపికున్న చేతి పని. ఇంతకన్నా బలమైన అభ్యంతరం చెమట. గాలి ఆడని గుడ్డలో ఉడికిపోమా? 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన పొర వచ్చాక ఆవిరిని బయటికి వదిలే కోట్లు వచ్చాయి, నిజమే. అయితే లోపలి తేమకూ బయటి తేమకూ తేడా ఉంటేనే ఆవిరి బయటికి పోతుంది. జూలైలో కోస్తా గాలి తానే తడిసి ఉన్నప్పుడు ఆ తేడా ఎంతుంటుంది? మన ఉక్కకు వదులైన కత్తిరింపు, చంకల కింద తెరుచుకునే జిప్‌లే ఎక్కువ పనికొస్తాయి. ఖర్చు చౌక కోటు కన్నా ఎక్కువే అవుతుంది, దాచనక్కర్లేదు. కానీ ఇది చిరిగితే అతుకు వేసే మనిషి ఇంట్లోనే ఉంటారు.

పూత రాత్రంతా ఆరాక, కోటును తిరగేసి చేతి చివర ముడి బిగించి, గొట్టంలా పట్టుకుని నీళ్ళు పోయండి. చుక్క ఊరిన చోట సుద్దతో గుర్తు పెట్టి, తడారాక మళ్ళీ పూయండి.