కళాశాలలో బాస్కెట్‌బాల్ ఆడెడు మన బాలికలు

పదవ తరగతి పరీక్షలు సమీపింపగానే కొందఱు తల్లిదండ్రులు మా గదికి వచ్చి, "ఇక అమ్మాయి చేత ఆటలు మాన్పించండి, మాస్టరు గారూ" అని కోరుచుందురు. వారి భయము అకారణమని మేము చెప్పజాలము. అయినను, కళాశాలలయందు ఈ క్రీడ యేవిధముగా సాగునో తెలిసికొనక నిర్ణయించుట తగదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆడపిల్లలు బంతి యాడుట ఈనాటి వేడుక కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు రెండు పండ్లబుట్టలను ఎత్తున కట్టించి ఈ ఆటను కల్పించెను. 1893 మార్చి నాటికే స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్సన్ అను అధ్యాపకురాలు విద్యార్థినుల చేత పోటీ యాడించెను. ఆ పోటీని చూచుటకు పురుషులను రానీయలేదట! స్ప్రింగ్‌ఫీల్డులోనే విద్య నేర్చిన హారీ క్రో బక్ మన మద్రాసునకు వచ్చి 1920లో వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. నందనమున నేటికిని అది కలదు.

కళాశాలలో ఇద్దఱు వ్యక్తులను మనవారు ఒకరే యని భ్రమపడుదురు. ఫిజికల్ డైరెక్టరు కళాశాల ఉద్యోగి. జట్టును పోటీలకు పంపుట, పోయిన తరగతుల హాజరును గూర్చి అధ్యాపకులతో మాటలాడుట ఆ ఉద్యోగి పని. కోచి యనగా ఆట నేర్పు శిక్షకుడు గాని శిక్షకురాలు గాని. మంచి కోచి మొదటి వారములలో బంతిని బుట్టలో వేయుటకంటె, ఎగిరిన పిమ్మట మోకాళ్లు వంచి నేలకు దిగుటను ఎక్కువగా అభ్యసింపజేయును. ఏలయన, మోకాలిలోని లిగమెంటు తెగుట బాలురకంటె బాలికలలో అధికము. బుట్ట పది అడుగుల ఎత్తున నుండును గనుక ఎగురుట తప్పదు. ఈ శిక్షణ జరుగుచున్నదా, ఊరికి వెళ్లునప్పుడు జట్టు వెంట స్త్రీ యెవరు పోవుదురు, రాత్రి ఎన్ని గంటలకు పిల్లలు ఇల్లు చేరుదురు అని అడుగుటకు తల్లిదండ్రులు సంకోచింపనక్కఱలేదు. అడిగినందుకు కోపగించుకొను కోచి వద్దకు పిల్లను పంపకుండుటయే మేలు.

కొన్నియేండ్ల క్రిందట మన పాఠశాల బాలిక యొకతె ఒక కళాశాల ఎంపికలో నెగ్గినది. ఎండకు పిల్ల నల్లబడునని తండ్రి వద్దనెను. మేమును పరీక్షా ఫలితముల శాతమునే చూచుకొని ఆయన మాటకు తల యూపితిమి. ఆ తప్పు మాది.

చెన్నై క్రీడాకారిణి అనితా పాల్‌దురై 19వ యేటనే భారత జట్టునకు నాయకురాలయ్యెను. తల్లియైన పిదప కూడ 2017లో బెంగుళూరున ఆసియా కప్పు ద్వితీయశ్రేణిని గెలిచిన జట్టులో ఆడెను. దక్షిణ రైల్వేలో ఉద్యోగము చేసెను. 2021లో పద్మశ్రీ పొందెను. అందఱును అంతవారు కాజాలరు. కాని ఈ నగరమున అనేక కళాశాలలు ఎంపికపోటీలు జరిపి క్రీడాకారిణులకు సీట్లిచ్చుచున్నవి. కొన్ని రుసుములను కూడ తగ్గించుచున్నవి.

ఇక్కడ మనవారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మార్కుల పట్టికలో ఇంటిపేరు, క్రీడా ధ్రువపత్రములో తండ్రి పేరి మొదటి అక్షరము ఉండుటచే, ఇద్దఱు వేర్వేఱు బాలికలేమో యను సందేహము పుట్టును. పోటీ జరిగిన నాడే పేరు సరిచూచుకొని, పత్రములను భద్రపఱచుడు.

మన బాలికలు సాయంకాలము అయిదు గంటలకు ఆడుదురు. ఒకనాడు వచ్చి చూడవచ్చును. బుట్టకు వల చినిగి రెండేండ్లయినది; జూనులోగా క్రొత్తది కట్టించెదము.